కొసరు చుక్క

మొన్న ఎల్లారెడ్డి అంగడిలో పచ్చిమిరపకాయలు కొంటుంటే, అమ్మే ఆమె ఎలక్ట్రానిక్ కాంటా మీద పావుకిలో అంకె సరిగ్గా నిలిచేదాకా ఒక్కో కాయ తీస్తూ వేస్తూ ఉండి, సంచిలో పోశాక అలవాటు చొప్పున మరో నాలుగు కాయలు గుప్పిట పట్టి నా వైపు చెయ్యి చాపింది. నాకు తెలియకుండానే నా అరచెయ్యి సంచి మూతి మీద పడింది. "ఏంది సారూ, కొసరు వద్దనేటోల్లను మిమ్మల్నే జూస్తున్న. నా మిరపకాయలల్ల ఇసం గిట్ల ఉన్నదా ఏంది?" అని ఆమె పకపకా నవ్వింది. పక్కన కొత్తిమీర కట్టలు పరుచుకుని కూర్చున్న ముసలామె కూడా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ బస్సెక్కి తాడ్వాయి దాటేదాకా నా భయం తగ్గలేదు.

యాభై దాటిన మనిషి నాలుగు మిరపకాయలకు భయపడ్డాడంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నా ఈడు వాళ్లయితే కొసరంటే ఏమిటో తెలిసిన వాళ్లు కనుక, కాస్త ఓపికగా వింటారని రాస్తున్నాను.

వడ్లు కొలిచినా, పాలు పోసినా, బెల్లం తూచినా, లెక్క పూర్తయ్యాక ఒక పిడికెడో గుక్కెడో పైన పడితేనే ఆ రోజుల్లో బేరం ముగిసినట్టు. మాది ఎల్లారెడ్డి పక్క పల్లెలో కల్లు గీసే ఇల్లు. నా చిన్నప్పుడే బాపు పోతే, మా మేనమామ తన చెట్లతో పాటు మా చెట్లు కూడా ఎక్కి, తెల్లారేసరికి కల్లు కుండలను, అంటే లొట్లను, దించి, మా అమ్మకు అప్పగించేవాడు. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ ఈత చెట్ల కింద కూర్చుని ముంతతో కల్లు కొలిచేటప్పుడు మొదటి ముంతను ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. ఏడు అనే మాట నోట రానిచ్చేది కాదు, ఏడు అంటే ఏడుపు వస్తుందని "ఆరు మీదొకటి" అనేది. చివరి ముంత పోశాక మణికట్టు ఒక్కసారి వంచి కొసరు పోసేది. లెక్కల పిచ్చి నాకు అప్పటికే పట్టుకుంది. ఒకరోజు నేను పలక పట్టుకుని కూర్చుని, ఈ కొసరును ఏ గడిలో రాయాలని అడిగితే, అవ్వ వింత జంతువును చూసినట్టు చూసింది. "కొసరు లెక్కలకు రాదు బిడ్డా. లెక్కల బెడితె అది కొసరెట్లయితది?" అంది. ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందో నాకు ఇరవై ఏళ్ల దాకా తెలియలేదు.

ఇంటర్ రెండో సంవత్సరంలో నా చదువు ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాల అంగట్లో దొరికిన ఒక లాగరిథం పట్టికల పుస్తకం నుంచీ, గళ్ల కాగితాల మీద నా అంతట నేను గీసుకున్న గీతల నుంచీ నేర్చుకున్నదే. ఆ గీతలు చూసే కామారెడ్డిలో ఒక పరీక్షల ల్యాబులో నన్ను తీసుకున్నారు. స్టేషనుకు దగ్గర్లో, ఒకప్పుడు మక్కలు నిల్వ చేసిన గోదామది. యజమాని పసుపు, మక్కలు, సోయాల్లో పురుగుమందులు ఎంత మిగిలాయో పరీక్షించే పని పెట్టాలని హైదరాబాదు నుంచి ఒక పాత మాస్ స్పెక్ట్రోమీటరు కొని తెచ్చాడు. దాన్ని నడిపే మేడం రోజూ రైల్లో వచ్చి వెళ్లేది. మా అక్క ఈడు ఉంటుంది, మాట తక్కువ, చెయ్యి నిదానం. మొదట గాజు సామాను కడగడానికి చేరిన నేను, రెండేళ్లలో ఆమె పక్కన నిలబడి పరీక్షకు సీసాలు సిద్ధం చేసే దాకా వచ్చాను.

ఆ మిషనంటే నాకు మొదటి రోజు నుంచీ భయమే. గదిలోకి అడుగు పెట్టకముందే దాని పంపు హోరు అరికాళ్లకు తెలిసేది. బీరువా అంత తక్కెడ అనుకోండి. మనం చిన్న సీసాలో పెట్టిన ద్రవాన్ని అది సన్నటి సూదితో పీల్చి, తుంపరగా కొట్టి, అందులోని అణువులను బరువును బట్టి వేరుచేసి, మనం వెతికేది ఎంత ఉందో తెర మీద ఒక కొండలా గీసి చూపిస్తుంది. లేకపోతే గీత నేలలా చదునుగా పోతుంది. గ్రాములో వందకోట్ల వంతును కూడా పట్టే తక్కెడకు మన చేతి పొరపాటు కనబడకుండా పోతుందా అన్నదే నా దిగులు.

ఆ ఎండాకాలం మా వైపు పల్లెల్లో కల్లులో మత్తుమందు కలుపుతున్నారన్న మాట గట్టిగా వినపడింది. తాగినవాళ్లు పొద్దంతా మగతగా పడి ఉండేవాళ్లు, ఒక్కరోజు తాగకపోతే చేతులు వణికి, మాట తప్పి, కన్నబిడ్డలను గుర్తుపట్టని వాళ్లు కూడా ఉన్నారని చెప్పుకునేవాళ్లు. కల్లులో ఆ మందును కనిపెట్టే పద్ధతి మన దగ్గర తయారైతే ముందు ముందు పని దొరుకుతుందని యజమాని ఆశ. అందుకే మా ఊరి కమిటీ పెద్దమనిషి వచ్చి, ఊళ్లో కల్లు అమ్మే ఏడుగురి దగ్గరా తలా ఒక సీసా పట్టిస్తాం, ఎవరు కలుపుతున్నారో తేల్చండి అని అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. పట్టుబడినవాణ్ణి ఊరి నుంచి వెలివేసి ఆబ్కారీ వాళ్లకు అప్పగిస్తామని ఆ పెద్దమనిషి మా ముందే చెప్పి వెళ్లాడు. ఆ ఏడుగురిలో మా మేనమామ ఒకడు.

అప్పటికి పద్ధతి ఇంకా కుదరలేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, కల్లును ఎంత పలచన చేసి మిషన్‌కు పెట్టాలన్నది. చిక్కగా పెడితే కల్లులోని చక్కెరలూ పులుపూ అడ్డుపడి మందును కనపడనివ్వవు. జాతర మధ్యలో తప్పిపోయిన పిల్లవాడి పిలుపు పక్కనున్న తల్లికి కూడా వినపడనట్టు. పదింతలు పలచన చేసిన కల్లులో మేమే కొలిచి వేసిన మందు సగమే కనబడటం నేను కళ్లారా చూశాను. మరీ పలచన చేస్తే, పోచారం చెరువు ఆవలి గట్టు నుంచి పిలిచినట్టు, ఉన్నది కూడా వినపడదు. ఇక మందే మరీ ఎక్కువగా ఉంటే, తెర మీది కొండ నెత్తి బల్లపరుపై అంకె అబద్ధమవుతుంది. పైగా మిషన్ లోపల కాస్త అంటుకుని మిగిలి, తర్వాతి సీసాలో తేలుతుంది. అందుకని మేడం ప్రస్తుతానికి వందింతలని నిర్ణయించింది. మిల్లీలీటరులో వెయ్యో వంతును మైక్రోలీటరంటారు. అలాంటివి పది కల్లు తీసుకుని, ఒక మిల్లీలీటరు నీళ్లలో కలపాలి.

పది మైక్రోలీటర్లంటే ఎంతో చూశారా? కొలిచే సన్నటి గొట్టం కొసన ఆవగింజంత తడి. ముంతలతో కల్లు కొలిచిన ఇంట్లో పుట్టినవాణ్ణి, శనివారం పొద్దున ఆ ఏడు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ తడిని చూస్తే నాకు సిగ్గేసింది. కొంత గొట్టానికే అంటుకుని ఉంటుందేమో, మిషన్‌కు ఏమీ అందదేమో, ఊరంతా ఎదురుచూస్తుంటే ఏమీ కనపడలేదని చెప్పాల్సి వస్తుందేమోనన్న భయంతో, పది కొలిచి వేశాక, పక్కనున్న గాజు డ్రాపరుతో ఒక్కో సీసాలో ఒక్కో చుక్క కల్లు పైన వేశాను. ఎవరో నా మణికట్టు పట్టుకుని వంచినట్టే ఉంది. నోట్‌బుక్కులో పది అనే రాశాను. అబద్ధం రాస్తున్నానన్న ఆలోచనే రాలేదు. కొసరు లెక్కలకు రాదు కదా.

ఇంకో పని కూడా చేశాను. మిషన్‌కు కావలసిన నైట్రోజన్ గ్యాస్ హైదరాబాదు నుంచి సిలిండర్లలో రావాలి. సిలిండరు అడుగుకు వచ్చింది. సీసాకూ సీసాకూ మధ్య వట్టి నీళ్లు పెట్టి కడగాలని మేడం అంటే, ఆ కడుగుడు మానేస్తే గ్యాస్ ఎంత మిగులుతుందో లెక్కేసి చూపించింది నేనే. ఆమె కాసేపు ఆలోచించి సరేనంది.

అయిదు సీసాల దాకా గీత చదునుగానే పోయింది. ఆరో సీసాకు కొండ లేచింది. లేచి లేచి, నెత్తిన ఎవరో కత్తితో కోసినట్టు చదునై నిలబడింది. మేడం కుర్చీలో నుంచి లేచింది. ఆ తర్వాత ఆరు మీదొకటి. గీత మధ్యలో చిన్న గుబ్బ, చీమలపుట్టంత. అంకె మూడని చూపింది. మేడం పెన్సిలుతో ఆరో సీసాకు పెద్ద ఇంటూ, ఏడో సీసాకు చిన్న ఇంటూ పెట్టి, "ఇద్దరన్నమాట. సోమవారం మధ్యాహ్నం కమిటీ వాళ్లొస్తారు, చెప్పేద్దాం" అని బ్యాగు సర్దుకుంది.

ఊరి నుంచి వచ్చిన ఏడో సీసాకు రబ్బరు మూత లేదు. మెలితిప్పి బిగించిన ఈత పీచు మూత ఉంది. ఆ మెలి ఎవరిదో నాకు తెలుసు. నా చిన్నప్పుడు నా చేత వందసార్లు తిప్పించి నేర్పిన మెలి అది.

ఆదివారం ఊరికి వెళ్లకుండా ఉండాల్సింది, ఉండలేకపోయాను. మామ చెట్ల కింద నలుగురితో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ముంత నింపి చేతిలో పెట్టి, మణికట్టు వంచి కొసరు కూడా పోశాడు. "ఏమంటున్నదిరా అల్లుడా నీ మిషిను? నా కల్లు తాగి సోయి దప్పిందా?" అంటే నలుగురూ నవ్వారు. ముంత పెదవుల దాకా తెచ్చుకుని తాగలేకపోయాను. ఆ వాసనలో ఏదో వెతుకుతున్నాను. అక్కడ కూర్చునే, వద్దనుకుంటూనే, నా మనసు తన పని తాను చేసింది. చెట్లు పదకొండు. ఆ ఎండలకు నాలుగు చెట్ల లొట్లు సగం కూడా నిండటం లేదని మామే చెప్పాడు. దిగే కల్లెంత, పొద్దటి నుంచి ముంతల లెక్కన పోతున్నదెంత అని కూడితే, పోతున్నదే ఎక్కువ. రెండుసార్లు కూడి చూశాను, మూడోసారి వేళ్ల మీద కూడి చూశాను. చెట్లు ఇవ్వని కల్లు ఎక్కడి నుంచి వస్తోంది? వేరే చోట నుంచి ఏదో పొడి తెచ్చి నీళ్లలో కలిపి కల్లు చేసేవాళ్ల కథలు అప్పటికి చాలా విని ఉన్నాను.

నన్ను సాకిన చేతుల వైపు చూశాను.  అంతకు ముందు నా భయం మామకు ఏమవుతుందోనని. ఆ క్షణం నుంచి మామ ఎవరోనని. రెండో భయం ముందు మొదటిది చాలా చిన్నది.

నేను కొసరుగా వేసిన చుక్కే అంకెలను చెడగొట్టిందేమోనని రాత్రంతా అనుమానం; సోమవారం తెల్లారేసరికి నా ముందు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే మామ వెలి అవుతాడు, అవ్వ ఆ ఊళ్లో తలెత్తదు. నోరు తెరిస్తే నా చుక్క బయటపడి ఉద్యోగం పోతుంది, పైగా సొంతవాణ్ణి కాపాడటానికి కథలు అల్లుతున్నాడంటారు. అన్నీ ఓర్చుకుని మళ్లీ పరీక్ష చేయిస్తే, మందు నిజంగానే ఉందని తేలవచ్చు. మేడం రైలు దిగి వచ్చి ఇంకా చెప్పులు విడవకముందే చుక్క సంగతి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. అదే డ్రాపరు నా చేతికిచ్చి, "ఆ చుక్కను తూచు" అంది.

చిన్న తక్కెడ మీద గాజు గిన్నె పెట్టి ఒక్క చుక్క వదిలాను. గ్రాములో వెయ్యో వంతుల్లో నలభై ఎనిమిది. అంటే నలభై ఎనిమిది మైక్రోలీటర్లు. పది కొలిచి, దాని మీద నలభై ఎనిమిది కొసరు. అసలుకు అయిదింతల కొసరు! అన్ని అంకెలు నాతో నేను ఆడుకున్నవాణ్ణి, ఒక్కసారి కూడా చుక్కను తూచి చూడలేదు. వందింతలు పలచనవ్వాల్సిన ఏడు సీసాలూ పదిహేడింతలే పలచనయ్యాయి. అసలే మందు నిండుగా ఉన్న ఆరో సీసా దానితో ఆరింతలు చిక్కనై మిషన్‌ను ముంచేసింది.

"అయితే ఏడోది ఆరోదాని మిగులే అయ్యుండొచ్చు" అంది మేడం. ఆ మాటకు నా ముఖంలో ఏం కనబడిందో, "ఏడోది ఎవరిది?" అని అడిగింది. మా మేనమామది మేడం, అన్నాను.  ఆమె ఒక స్టూలు గోడకు ఆనించి వేసి, "అక్కడ కూర్చో. చేతులు వెనక్కి పెట్టుకో. ఏ సీసానూ ముట్టవద్దు. లెక్క మాత్రం నువ్వు చెప్పు, చేసేది నేను" అంది.

గ్యాస్ ముల్లు చూస్తే పది సీసాలకు మించి నడవదు. తొలి సీసా వట్టి నీళ్లు. గీత చదునుగా పోతూ పోతూ, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి చిన్నగా ఉబ్బింది. రెండు రోజులైనా ఆరో సీసా మిషన్‌లోనే ఉంది! నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. మేడం మాత్రం తల అడ్డంగా ఊపింది. మిషన్‌లో మిగులుందని తేలిందే గానీ, మీ మామ సీసాలో లేదని తేలలేదు అంది. నిజమే. రెండూ ఉండవచ్చు. మళ్లీ నీళ్లు, మళ్లీ నీళ్లు. ఉబ్బు సగమై, పావై, అయిదో సీసాకు గీత నేలమట్టమైంది. ఇక అయిదు సీసాల గ్యాసే ఉంది.

"ఎంత పలచన చేయమంటావ్?" అని అడిగింది.

గోడకానుకుని, చేతులు వీపు వెనక పెట్టుకుని, నా బతుకులో అంత భయంగా ఏ లెక్కా చేయలేదు. మామకు మేలు చేసే జవాబు నాలుక చివరే ఉంది. పద్ధతి ప్రకారం వందింతలు అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. కానీ చిక్కటి సీసాలో మూడు చూపించింది, వందింతలు పలచన చేస్తే అరకు పడిపోతుంది, ఒకటి కన్నా తక్కువను మా మిషన్ చూడలేదు. మందు ఉన్నా లేకున్నా గీత చదునే. అది మామను కాపాడుతుంది, నన్ను మాత్రం బతికినన్నాళ్లూ తినేస్తుంది. పదింతలంటే కల్లే అడ్డుపడి దాచేస్తుంది, అదీ మామకు మేలే. రెండు మేళ్ల మధ్యన ఎక్కడో నిజం కనిపించే చోటుంది. యాభై మేడం, అన్నాను. యాభై మైక్రోలీటర్లు, ఇరవయ్యింతలు. మందు నిజంగా ఉంటే రెండున్నర చూపాలి. ఇంకో సీసాలో అదే కల్లుకు మనమే రెండున్నర మందు కలుపుదాం; అది సరిగ్గా రెండున్నర చూపితేనే, కల్లు ఏమీ దాచడం లేదని నమ్ముదాం. అయిదు చూపితే... అని ఆగిపోయాను.

"చూపితే?" అంది.

చూపితే ఉన్నట్టే మేడం, అన్నాను.

ఒక్కో సీసాకు ఆరు నిమిషాలు. మందు దిగే చోటు నాలుగో నిమిషం. మామ సీసా పెట్టాక గోడ గడియారం వైపు చూడకుండా, అవ్వలా మనసులో లెక్కపెట్టుకున్నాను. లాభం, రెండు, మూడు. నాలుగో నిమిషంలో కళ్లు మూసుకున్నాను. మేడం ఏమీ అనకపోయేసరికి తెరిచాను. చదును. పలక మీద గీసిన గీతంత చదును. అయినా ఊపిరి వదలలేదు, ఎందుకంటే అసలు భయం రెండో సీసాది. కల్లే దాచిపెట్టి ఉంటే ఈ చదునుకు అర్థం లేదు. మరో ఆరు నిమిషాలు. కొండ లేచింది. చిన్నదే, చక్కగా, మొన తేలి. రెండు పాయింట్ నాలుగు.

మేడం పెన్సిలు ఇంటూను రబ్బరుతో చెరపలేదు. దాని పక్కనే సిరాతో, ఎందుకు తప్పో, ఎవరి చేతి తప్పో, తన సంతకంతో రాసి, కింద నా చేత కూడా సంతకం చేయించింది. ఆ తర్వాత పద్ధతి పుస్తకంలో పది కొట్టేసి యాభై వేసింది. మందు ఎక్కువుందని తోచిన సీసాను విడిగా, మరింత పలచన చేసి, అన్నిటి కన్నా చివర పెట్టాలని, ప్రతి సీసా వెనకా నీళ్లు నడపాలని చేర్చింది. యాభై అంటే ఇంచుమించు నేను వేసిన చుక్కే. అదే చుక్క, ఈసారి లెక్కలోకి ఎక్కింది. మధ్యాహ్నం కమిటీ వాళ్లకు ఒక్క సీసా సంగతే చెప్పారు. ఆ ఆరో సీసా వాళ్ల ఇంట్లోనూ పిల్లలున్నారు; వాళ్లు ఊరు విడిచి ఎటు వెళ్లారో నేను అడగలేదు, అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

నెల తర్వాత ఊరికి వెళ్లినప్పుడు మామకు అంతా చెప్పాను. చుక్క సంగతి, చిన్న ఇంటూ సంగతి, చివరకు ఆదివారం ముంత పట్టుకుని నేను కూడిన చెట్ల లెక్క కూడా. ఆ చివరిది చెప్పకుండా ఉండవచ్చు. లెక్క సగం చెప్పి ఆగే అలవాటు నాకు లేదు. మామ చాలాసేపు గీత కత్తిని రాయి మీద నూరుతూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తి, "నీళ్లురా. నీళ్లు గలిపిన. ఎండలకు చెట్టు ఇయ్యకపోతే, వచ్చినోన్ని వట్టిగ తోలలేక బిందెడు నీళ్లు గలిపిన. మందు గలపలే" అన్నాడు. ఆ పైన నవ్వాడు. "నువ్వు నీళ్లు గలిపితే పరీక్షనా? నేను గలిపితే మోసమా? గిదెక్కడి న్యాయంరా అల్లుడా!" నేనూ నవ్వాను. చెట్ల లెక్క అంత సులువుగా తేలిపోయింది. ఒక్క మాట అడిగి ఉంటే ఆదివారమే తేలిపోయేది. నన్ను సాకినవాణ్ణి అడగకుండా మిషన్‌ను అడిగాను.

నవ్వుతూనే ముంత నింపాడు. అంచు దాకా, వెంట్రుక వాసి తేడా లేకుండా. అలవాటు చొప్పున మణికట్టు వంగబోయి, సగంలో ఆగింది. "నీకొద్దు తియ్. నీకు కొసరు లెక్కలకొస్తది" అని లొట్టిని నిలబెట్టేశాడు.

అది ఎకసెక్కమే అనుకున్నాను. కానీ ఆ తర్వాత, ఆయన చెట్టెక్కడం మానేసే దాకా, పండుగకు వెళ్లినా పబ్బానికి వెళ్లినా, నాకు ముంత అంచు దాకానే. నా పక్కన కూర్చున్న దారిన పోయేవాడికి కూడా మణికట్టు వంగేది. కోపంతో చేశాడని అనలేను, కోపముంటే నా పిల్లలను భుజాన ఎక్కించుకుని చెట్లన్నీ తిప్పేవాడా? మరి ఎందుకని ఒక్కసారి కూడా అడగలేకపోయాను. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆ గోదాములో ల్యాబు ఎప్పుడో మూతపడింది. ఇప్పటి మిషన్లు తమను తాము కడుక్కుంటాయట, చుక్క ఎక్కువైతే అరుస్తాయట. అంగట్లో కాంటాలు కూడా గ్రాము తేడా చెబుతాయి. అమ్మేవాళ్లు అంకె నిలవగానే చెయ్యి ఆపేస్తారు, కొనేవాళ్లు కూడా అంకెనే చూస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకునే పని లేదు. అంత సరిగ్గా ఉండాలని ఒకప్పుడు నేనే కోరుకున్నాను. సరిగ్గా ఉండటం తప్పని ఇప్పుడు కూడా అనను, ఒక చుక్క తేడాతో ఒక ఇల్లు కూలబోవడం చూసినవాణ్ణి. కానీ ఎవరైనా నా వైపు కొసరు చాపితే మొదట భయమేస్తుంది, ఆ తర్వాత చాలాసేపు ఆ ఆగిపోయిన మణికట్టు గుర్తొస్తుంది.

మొన్న ఇంటికొచ్చి మిరపకాయలు వంటింటి కాంటా మీద పోశాను. కొన్న ప్రతిదీ తూచి పుస్తకంలో రాసుకోవడం నాకు ఇప్పటికీ అలవాటు. రెండు వందల అరవై ఒకటి చూపించింది. పదకొండు గ్రాములు ఎక్కువ. నేను చిల్లర కోసం జేబులో వెతుక్కుంటున్నప్పుడు, నవ్వుతూనే ఆమె సంచి పక్క నుంచి జారవిడిచినట్టుంది. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, చాలాసేపు కూర్చున్నాను.  పావుకిలో అని రాసి మూసేశాను.